స్టాటిస్టిక్స్ పోయింది, రికార్డు అర్థం కావట్లేదు, డిసర్టేషన్ ఎలా?

ప్రశ్న: బీఏ తెలుగు మీడియంలో చదివి ఎమ్మెస్సీ సైకాలజీలో చేరాను. మొదటి సెమిస్టర్‌లో థియరీ పేపర్లన్నీ గట్టెక్కాయి కానీ స్టాటిస్టిక్స్ పోయింది. ప్రాక్టికల్ రికార్డు సీనియర్ల రికార్డు చూసి దించేస్తున్నాం, ఎందుకు చేస్తున్నామో తెలియదు. డిసర్టేషన్‌కి ‘డిగ్రీ విద్యార్థుల ఒత్తిడిపై సోషల్ మీడియా ప్రభావం’ అనుకున్నాను. గూగుల్ ఫామ్ చేసి యాభై మందికి పంపితే సరిపోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. పీజీ అయిపోతే క్లినికల్ సైకాలజిస్ట్‌గా ప్రాక్టీస్ పెట్టుకోవచ్చని మావయ్య అంటున్నాడు. నిజమేనా? నేను ఎక్కడ మొదలుపెట్టాలి? – ఓ పాఠకురాలు, పల్నాడు జిల్లా

సమాధానం: ముందు మీ మావయ్యగారి మాట తేల్చేద్దాం. కుదరదు. ఎమ్మెస్సీ పట్టా ఒక్కదానితో ‘క్లినికల్ సైకాలజిస్ట్’ అని బోర్డు పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే అందరూ ఆర్‌సీఐ అనే సంస్థ, గుర్తించిన కోర్సు చదివి వాళ్ల రిజిస్టర్‌లో నమోదు కావాలి. ఆ సంగతి చివర్లో వివరంగా చెబుతాను. అది రెండేళ్ల తర్వాతి మాట, మీ పేపరు పోయింది ఇప్పుడు.

మీరు స్టాటిస్టిక్స్, రికార్డు, డిసర్టేషన్ అని మూడు సమస్యలు రాశారు. నిజానికి అది ఒకటే పని. రికార్డులో మీరు తీసే రీడింగులే స్టాటిస్టిక్స్ పేపర్‌కి లెక్కలు. ఆ లెక్కల్లో నేర్చుకున్నదే డిసర్టేషన్‌లో మీ చేతికి ఆయుధం. వీటిని విడివిడిగా, మూడు వేర్వేరు నోటు పుస్తకాల్లో చదవడం వల్లే మూడూ బరువుగా అనిపిస్తాయి. కాబట్టి రికార్డు దగ్గర మొదలుపెట్టండి.

ముల్లర్-లయర్ భ్రమ ప్రయోగం మీ రికార్డులో ఉండే ఉంటుంది. చెక్క లేదా కార్డుబోర్డు పరికరం. ఒక సగంలో రెండు చివర్లా లోపలికి మడిచిన బాణపు మొనలున్న స్థిరమైన గీత, రెండో సగంలో బయటికి విచ్చుకున్న మొనలతో జరిగే గీత, వెనకాల మిల్లీమీటర్ల స్కేలు. విచ్చుకున్న మొనల గీత ఉన్నదానికన్నా పొడుగ్గా కనిపిస్తుంది కాబట్టి, రెండూ సమానంగా ఉన్నాయి అనిపించేలా జరపమంటే చూసేవాళ్లు దాన్ని పొట్టిగా పెడతారు. స్థిరమైన గీత 150 మిల్లీమీటర్లు, ఒకరు పెట్టిన కొలతల సగటు 128 అనుకోండి. దోషం 22 మిల్లీమీటర్లు, అంటే 14.7 శాతం. రికార్డుల్లో చాలావరకు ఇక్కడితో ఆపేస్తారు. అసలు నేర్చుకోవాల్సింది ఆ 22 ఎలా వచ్చిందన్నది.

మొత్తం 40 ప్రయత్నాలు చేయించండి. జరిగే గీత ఎడమవైపు ఉంచి 10, కుడివైపు 20, మళ్లీ ఎడమవైపు 10. ప్రతి పదిలో అయిదుసార్లు బాగా పొట్టిగా పెట్టి మొదలుపెట్టండి, అయిదుసార్లు బాగా పొడుగ్గా పెట్టి మొదలుపెట్టండి. ఈ వరస ఎందుకంటే, మనిషి చేస్తున్నకొద్దీ అలవాటు పడతాడు, ఆపైన అలసిపోతాడు. ఎడమవి 20 ముందే కానిచ్చేసి తర్వాత కుడివి 20 చేస్తే, తేడా వచ్చింది వైపు వల్లో, అలవాటు వల్లో చెప్పలేం. ఎడమ-కుడి-కుడి-ఎడమ వరసలో ఆ అలవాటు రెండు వైపులకీ దాదాపు సమానంగా పంచుకుపోతుంది. ఈ భ్రమ పదే పదే చేసేకొద్దీ తగ్గుతుంది కాబట్టి ఇక్కడ వరస మరీ ముఖ్యం. ఇక జరిగే పొరపాట్లు: ప్రతిసారీ ఒకే చోటి నుంచి గీత జరపడం, పరికరం తిప్పినప్పుడు వెనక స్కేలు వాళ్ల కంటపడటం, మధ్యలో ‘బాగా పెట్టావు’ అనడం. చివరిది మరీ చెడ్డది. ఆ మాట విన్నవాళ్లు ఆ తర్వాత కంటికి కనిపించింది పెట్టరు, మీ మెప్పు కోసం పెడతారు.

ఇప్పుడు మీ క్లాసులో 20 మంది ఉంటే, ఒక్కొక్కరి ఎడమ సగటు, కుడి సగటు ఒకే పట్టికలో రాయండి. అదే మనుషుల నుంచి రెండు కొలతలు. దానికి వాడాల్సింది పెయిర్డ్ టీ-టెస్ట్. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అంటే 20 మందిలోంచి ఒకటి తీసేస్తే, 19. టీ పట్టికలో 0.05 దగ్గర టూ-టెయిల్డ్ (ప్లస్, మైనస్ రెండు దిక్కులా చూసే) విలువ 2.093. మీ టీ విలువ, గుర్తు ఏదైనా సరే, దానికి మించితే ఎడమ-కుడి తేడాను యాదృచ్ఛికం అని కొట్టిపారేయలేం. మీ స్టాటిస్టిక్స్ పేపర్లో పది మార్కుల ప్రశ్న ఇదే. తేడా ఒక్కటే, ఇక్కడ అంకెలు మీ కళ్లముందు పుట్టాయి.

స్టాటిస్టిక్స్ పోయినవాళ్లలో ఎక్కువమందికి పోయేది లెక్క దగ్గర కాదు, ఏ లెక్క చేయాలో తెలియని దగ్గర. ప్రశ్న చదవగానే మిమ్మల్ని మీరు అడగాల్సినవి రెండే: నా దగ్గరున్నవి కొలతలా, కేటగిరీలా? ఈ అంకెలు ఒకే మనుషులవా, వేర్వేరు మనుషులవా? వేర్వేరు మనుషుల రెండు గుంపులు, కొలతలు అయితే ఇండిపెండెంట్ టీ-టెస్ట్. మూడు లేదా ఎక్కువ గుంపులైతే అనోవా. ఒకే మనుషుల రెండు కొలతల మధ్య సంబంధం కావాలంటే పియర్సన్ కోరిలేషన్. ‘పాస్, ఫెయిల్’, ‘హాస్టల్, ఇల్లు’ లాంటి లెక్కింపులైతే కై-స్క్వేర్. గుంపు చిన్నదై, అంకెలు ఒకవైపు బాగా ఒరిగిపోయి ఉంటే ఇండిపెండెంట్ టీ-టెస్ట్ బదులు మాన్-విట్నీ, పియర్సన్ బదులు స్పియర్‌మన్. గత అయిదేళ్ల ప్రశ్నపత్రాలు తెచ్చుకుని, లెక్క చేయకుండా పక్కన పరీక్ష పేరు మాత్రం రాస్తూ వెళ్లండి. తప్పు పోయిన ప్రతిచోటా ఎందుకు తప్పో ఒక్క వాక్యం రాయండి. ఈ సాధన పూర్తయ్యేదాకా సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లొద్దు.

చేత్తో చేసే లెక్కకి చిన్న అంకెలే తీసుకోండి. 4, 6, 7, 8, 10. సగటు 7. తేడాలు –3, –1, 0, 1, 3. వాటి వర్గాల మొత్తం 20. దీన్ని 5తో భాగిస్తే 4, వర్గమూలం 2. 4తో, అంటే ఎన్ మైనస్ వన్‌తో భాగిస్తే 5, వర్గమూలం 2.24. రెండూ స్టాండర్డ్ డీవియేషన్లే. మీ దగ్గరున్నదే మొత్తం జనాభా అయితే మొదటిది, జనాభా నుంచి తీసిన శాంపిల్ అయితే రెండోది. కొన్ని పాత పాఠ్యపుస్తకాలు ఎన్‌తోనే భాగిస్తాయి. ఎస్‌పీఎస్ఎస్, జాస్ప్, జమోవి లాంటి స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లు ఎన్ మైనస్ వన్‌తో భాగిస్తాయి. పుస్తకంలో జవాబు ఒకటి, కంప్యూటర్‌లో ఇంకొకటి వచ్చి ‘నాకు లెక్కలు రావు’ అనుకునే పిల్లలు బోలెడుమంది. వాళ్ల లెక్క సరిగ్గానే ఉంటుంది. జాస్ప్, జమోవి రెండూ ఉచితం. పైరసీ ఎస్‌పీఎస్ఎస్ కోసం ఊరంతా తిరగక్కర్లేదు.

ఇంకొక్కటి వైవాలో ఖాయంగా అడుగుతారు. పీ విలువ 0.03 వస్తే ‘నా పరికల్పన 97 శాతం నిజం’ అని చెప్పొద్దు. అసలు తేడాయే లేని పరిస్థితిలో కూడా ఇంత తేడా, లేదా ఇంతకన్నా ఎక్కువ తేడా, కేవలం యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం వందలో మూడు అని దాని అర్థం. ఆ తేడా పెద్దదా చిన్నదా అన్నది పీ చెప్పదు. దానికి ఎఫెక్ట్ సైజు చూడాలి.

ఇక డిసర్టేషన్. మీ శీర్షికలో ‘ప్రభావం’ అనే మాట తీసేయండి. ఒకే రోజు ఒకే ఫామ్‌లో రెండు సంగతులు అడిగితే వాటి మధ్య సంబంధం ఉందో లేదో తెలుస్తుంది, అంతే. ఒత్తిడిలో ఉన్నవాళ్లే ఫోన్‌లోకి ఎక్కువగా పోతున్నారేమో, లేక నిద్రలేమి రెండింటినీ పెంచుతోందేమో, మీ ఫామ్ చెప్పలేదు. ‘సోషల్ మీడియా వాడకానికి, ఒత్తిడికి మధ్య సంబంధం’ అంటే నిజాయితీగా ఉంటుంది, ఎగ్జామినర్ దాడికీ అందదు.

అసలు డిసర్టేషన్ శీర్షికతో మొదలవకూడదన్నది మా గట్టి అభిప్రాయం. కొలిచే సాధనంతో మొదలవ్వాలి. ఒత్తిడిని దేనితో కొలుస్తారు? పది ప్రశ్నల పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ మీ స్థాయికి సరిపోతుంది. ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 4, మొత్తం 0 నుంచి 40. ఇందులో 4, 5, 7, 8 ప్రశ్నలు తిరగేసి రాసినవి. అంటే ఎక్కువ మార్కు పడితే తక్కువ ఒత్తిడి. కూడేముందు ఆ నాలుగింటినీ 4లోంచి తీసివేసి తిప్పుకోవాలి. పీజీ డిసర్టేషన్లలో అన్నిటికన్నా తరచుగా కనిపించే, అన్నిటికన్నా నష్టం చేసే తప్పు ఇదే. తిప్పకుండా కూడితే ఆరు ప్రశ్నలు పైకి లాగుతుంటే నాలుగు కిందికి లాగుతాయి. అందరి మార్కులూ మధ్యలోకి వచ్చి కూర్చుంటాయి, సంబంధం ఉన్నా కనిపించదు. కనిపెట్టడం తేలికే. క్రాన్‌బాక్ ఆల్ఫా, అంటే స్కేలులోని ప్రశ్నలన్నీ ఒకే దిక్కున కలిసి నడుస్తున్నాయో లేదో చెప్పే అంకె, తీయండి. సాధారణంగా 0.70 పైన ఉండాలి. 0.3 వచ్చినా, మైనస్‌లో వచ్చినా స్కేలును తిట్టేముందు తిప్పాల్సినవి తిప్పారో లేదో చూడండి. బియ్యం తూచకముందు తక్కెడ సరిచూసుకోవడం లాంటిది ఇది.

సోషల్ మీడియా వాడకానికి బెర్గెన్ సోషల్ మీడియా అడిక్షన్ స్కేల్ ఉంది. ఆరు ప్రశ్నలు, ఒక్కోటి 1 నుంచి 5, మొత్తం 6 నుంచి 30. తిప్పాల్సినవేవీ లేవు. ‘రోజుకి ఎన్ని గంటలు వాడతావు’ అని కూడా అడగాలనుకుంటే నోటిలెక్క నమ్మొద్దు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ తెరిచి గత వారం రోజుల అంకెలు చూసి నింపమనండి. మనుషులు తమ ఫోన్ వాడకాన్ని సరిగ్గా అంచనా వేసుకోలేరు.

మీ దగ్గరి డిగ్రీ పిల్లల్లో చాలామందికి ఇంగ్లీషు ప్రశ్నలు సగమే అర్థమవుతాయి, కాబట్టి తెలుగు ఫామ్ కావాలి. ముందు ఆ స్కేలు తెలుగు రూపం ఇప్పటికే ఉందేమో వెతకండి. లేకపోతే స్కేలు యజమాని అనుమతి తీసుకుని అనువాదం చేయించండి. ఇద్దరు విడివిడిగా తెలుగులోకి రాయాలి, కూర్చుని ఒకటి చేయాలి. మూలం చూడని మూడో మనిషి దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి తేవాలి. రెండు ఇంగ్లీషు రూపాలూ పక్కపక్కన పెట్టి అర్థం మారిన చోట సరిచేయాలి. తర్వాత ఎనిమిది, పది మంది విద్యార్థులతో నింపించి, ‘ఈ ప్రశ్న నీకేం అర్థమైంది, నీ మాటల్లో చెప్పు’ అని అడగాలి. అక్కడే బండారం బయటపడుతుంది. ముఖ్యంగా జవాబుల వరస చూడండి. ‘అప్పుడప్పుడు’, ‘కొన్నిసార్లు’ పక్కపక్కన పెడితే ఏది ఎక్కువో ఇద్దరు ఒకేలా చెప్పరు. ‘ఎప్పుడూ లేదు, చాలా అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, చాలా తరచుగా’ అంటే మెట్లు స్పష్టంగా ఉంటాయి. ‘లేదనిపించలేదు’ లాంటి రెండు కాదుల వాక్యాలుంటే తిరగరాయండి. మనవాళ్లు దానికి ‘అవును’ అన్నా ‘కాదు’ అన్నా ఒకే అర్థంతో అనగలరు.

యాభై మంది చాలరు. ఇది అభిప్రాయం కాదు, లెక్క. 0.30 కోరిలేషన్‌ను 0.05 స్థాయిలో, 80 శాతం పవర్‌తో, అంటే సంబంధం నిజంగా ఉంటే వందలో 80 సార్లు దొరికేలా, పట్టుకోవాలంటే సుమారు 85 మంది కావాలి. సంబంధం 0.20 మాత్రమే అయితే సుమారు 195 మంది. రెండు గుంపులు పోల్చి మధ్యస్థాయి తేడా చూడాలంటే గుంపుకి 64 మంది. ఈ లెక్క జీపవర్ అనే ఉచిత ప్రోగ్రాంలో నిమిషాల్లో వస్తుంది. ఆ తెర బొమ్మను మెథడ్ అధ్యాయంలో పెడితే ‘ఇంతమందే ఎందుకు’ అన్న ప్రశ్నకి జవాబు అక్కడే ఉంటుంది. సగం నింపి వదిలేసేవాళ్లు, అన్నిటికీ ఒకే జవాబు నొక్కేవాళ్లు ఉంటారు కాబట్టి 0.20 నే ఆశిస్తే 220 మంది దగ్గర తీసుకోండి. ఒక్క కాలేజీ వాట్సాప్ గ్రూపులోనే పంపితే ఆ గ్రూపు గురించే తెలుస్తుంది. కనీసం రెండు మూడు కాలేజీలు, వేర్వేరు కోర్సులు పట్టుకోండి. లింకు పంపి వదిలేయడం కన్నా ప్రిన్సిపాల్ అనుమతితో క్లాసుకి వెళ్లి నింపించడం చాలా మేలు. అక్కడ సందేహం వస్తే అడుగుతారు.

డేటా మొదలుపెట్టకముందే ఎథిక్స్ కమిటీ అనుమతి చేతిలో ఉండాలి. తర్వాత తీసుకునే అనుమతి చెల్లదు. ఫామ్ మొదటి పేజీ సమ్మతి పత్రం: ఎందుకు అడుగుతున్నారు, ఎంతసేపు పడుతుంది, మధ్యలో మానేయొచ్చు, పేరు, ఫోన్ నంబరు తీసుకోం. గూగుల్ ఫామ్‌లో ఈమెయిల్ సేకరణ ఆపేయడం మర్చిపోవద్దు. డిగ్రీ మొదటి ఏడాదిలో 17 ఏళ్ల పిల్లలుంటారు. వాళ్లకి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. అది కుదరకపోతే ‘18 నిండినవాళ్లు మాత్రమే’ అని మొదట్లోనే పెట్టుకోండి.

ఎవరైనా ‘డిప్రెషన్ కూడా కలుపు, పీహెచ్‌క్యూ-9 ఉచితమే’ అంటారు. అది డిప్రెషన్ కొలిచే తొమ్మిది ప్రశ్నల ఫామ్. ఉచితమే, కానీ దాని తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనల గురించి. పేర్లు లేని ఫామ్‌లో ఒక పిల్లాడు ‘దాదాపు ప్రతిరోజూ’ అని టిక్కు పెడితే మీరు అతన్ని వెతికి పట్టుకోలేరు. ఆ జవాబు వచ్చాక ఏం చేస్తారో గైడ్‌తో ముందే రాసుకోకుండా ఆ ప్రశ్న ఎవరినీ అడగొద్దు. అలాంటి ఏర్పాటు లేకపోతే ఆ ప్రశ్న తీసేసిన పీహెచ్‌క్యూ-8 వాడండి. ఏ ఫామ్ అయినా చివరి పేజీలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 పెట్టండి. ఇది ఫార్మాలిటీ కాదు. మీరు ఒకరి బాధను తట్టి లేపారు, చేయి చాపాల్సిన బాధ్యత మీదే.

వచ్చిన ఎక్సెల్ ఫైలు ఒక కాపీ ముట్టుకోకుండా దాచండి. ఇంకో కాపీలో పనిచేయండి. ఏ జవాబుకి ఏ అంకె ఇచ్చారు, ఏవి తిప్పారు, ఎవరిని ఎందుకు తీసేశారు అన్నీ ఒక పేజీలో రాసి పెట్టండి. రెండు నెలల తర్వాత గైడ్ అడిగితే మీకే గుర్తుండదు. సంబంధం ఏమీ రాకపోతే కంగారుపడొద్దు, అంకెలు దిద్దొద్దు. సాధనం సరిగ్గా ఉండి, మనుషులు సరిపడా ఉండి సంబంధం రాలేదంటే అది కూడా ఫలితమే. మార్కులు తగ్గవు.

తెలుగు మీడియం గురించి మీరు నేరుగా అడగలేదు కానీ ఉత్తరంలో ఆ భయం ఉంది. వారానికి రెండు పరిశోధన పత్రాలు పెట్టుకోండి. అబ్‌స్ట్రాక్ట్ తర్వాత నేరుగా మెథడ్‌కి వెళ్లండి, అక్కడి ఇంగ్లీషు ఒకే మూసలో ఉంటుంది. ఎవరిని, ఎంతమందిని, దేనితో కొలిచారు, ఏం వచ్చింది, నాకేం సందేహం – ఈ అయిదూ తెలుగులో అయిదు వాక్యాలు రాయండి. సెమిస్టర్ చివరికి అదే మీ రివ్యూ ఆఫ్ లిటరేచర్‌కి ముడిసరుకు.

ఇక పీజీ తర్వాత. ఇప్పటిదాకా క్లినికల్ సైకాలజిస్ట్ కావడానికి అలవాటైన దారి ఎమ్మెస్సీ తర్వాత రెండేళ్ల ఎంఫిల్ క్లినికల్ సైకాలజీ. ఆసుపత్రిలో పర్యవేక్షణతో శిక్షణ ఉంటుంది. బెంగళూరు నిమ్హాన్స్, రాంచీలోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ (సీఐపీ) దీనికి పేరున్న చోట్లు. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2022 నిబంధనలతో ఎంఫిల్‌ను ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్‌లకు మాత్రం 2025–26 విద్యా సంవత్సరం వరకు గడువిస్తూ 2024 జనవరిలో ప్రకటించింది. అంటే సీనియర్లు చెప్పే దారి మీదాకా అలాగే ఉంటుందని అనుకోకండి. ఇప్పటి నుంచే ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఏ కోర్సులకు గుర్తింపు ఉందో చూస్తూ ఉండండి. దూరవిద్యలో సైకాలజీ చేద్దామనుకునే స్నేహితులుంటే చెప్పండి: 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో సైకాలజీలో కొత్త ప్రవేశాలు ఇవ్వొద్దని యూజీసీ ఆదేశించింది.

బోధన, పరిశోధన మీద మనసుంటే యూజీసీ నెట్ అనే అర్హత పరీక్ష ఉంది. రెండు పేపర్లూ కలిపి మూడు గంటలు, 150 ప్రశ్నలు, ఒక్కోటి రెండు మార్కులు, తప్పుకి మార్కులు తీసేయరు. ఇదే పరీక్షతో వచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్ఎఫ్‌కి వయోపరిమితి 30 ఏళ్లు, మహిళలకు అయిదేళ్ల సడలింపు ఉంది. 2024 జూన్ నుంచి నెట్ స్కోరు పీహెచ్‌డీ ప్రవేశాలకూ పనికొస్తోంది. సైకాలజీ రెండో పేపర్లో రీసెర్చ్ మెథడ్స్, స్టాటిస్టిక్స్, సైకలాజికల్ టెస్టింగ్ కూడా ఉంటాయి. ఇప్పుడు మీరు బ్యాక్‌లాగ్ కోసం చదివేది అక్కడ మళ్లీ కలుస్తుంది.

ఈలోగా ‘మూడు నెలల కౌన్సెలింగ్ సర్టిఫికెట్ చేస్తే చాలు, ప్రాక్టీస్ చేసుకోవచ్చు’ అనే ప్రకటనలు మీ ఫోన్‌కి వస్తూనే ఉంటాయి. నేర్చుకోవడానికైతే చేరండి, కానీ దానితో ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ రాదు. పీజీ తర్వాత ఏ క్లినికల్ కోర్సులో చేరినా సంస్థ పేరు, కోర్సు పేరు, అనుమతి ఏ ఏడాది వరకు – ఈ మూడూ ఆర్‌సీఐ జాబితాలో మీ కళ్లతో చూశాకే ఫీజు కట్టండి.